జాక్ నాటకంలో ప్రేక్షకుల వంతు: ఔత్సాహిక పాంటోకు మొదటిసారి దర్శకత్వం

ప్రశ్న
రాసినవారు: కొత్త దర్శకుడు

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని ఒక చిన్న ఊళ్లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా ఊరి నాటక సమాజంలో నాలుగేళ్ల క్రితం సెట్లకు రంగులు వేసే పనితో చేరి, తరువాత రెండేళ్లు తెర పక్కన ప్రాంప్టరుగా కూర్చున్నాను. వచ్చే జనవరిలో వేయబోయే పాంటోమైమ్‌కు దర్శకత్వం వహించమని సమాజం పెద్దలు అడిగితే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఈ పని బరువు తెలిసివస్తోంది. ఈ దేశంలో నాటకాలతో పరిచయం ఉన్న తెలుగువారు ఇక్కడ కొందరైనా ఉంటారనే ఆశతో రాస్తున్నాను.

పాంటోమైమ్ అనగానే మనవాళ్లకు మూకాభినయం గుర్తుకు వస్తుంది కనుక ముందుగా ఒక మాట చెప్పాలి. బ్రిటన్‌లో క్రిస్మస్ రోజుల్లో మొదలై జనవరి దాకా ఊరూరా ఆడే ఈ నాటకంలో మౌనంగా ఉండేవారు ఒక్కరూ ఉండరు. పిల్లలకు తెలిసిన ఏదో ఒక జానపద కథను తీసుకుని, పాటలు, హాస్యం, మాయలు కలిపి, తాతల నుంచి మనవళ్ల వరకు ఒకే వరుసలో కూర్చుని చూసేలా మలుస్తారు. విలన్ రాగానే జనం ‘బూ’ అని అరుస్తారు, హాస్యగాడి వెనుక దయ్యం నిలబడితే ‘నీ వెనకాలే ఉంది’ అని కేకలు వేస్తారు, రంగస్థలం మీది మనిషి ‘అవును’ అంటే హాలంతా ‘కాదు’ అంటుంది.

మేము ఎంచుకున్నది జాక్, చిక్కుడు తీగ కథ: పేద కుర్రాడు జాక్ ఆవును అమ్మి తెచ్చిన గింజల నుంచి మొలిచిన తీగ ఎక్కి రాక్షసుడి కోటకు చేరతాడు. పెద్దవాళ్లు పదిహేను మంది, పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు. హాలులో 120 కుర్చీలు పడతాయి. రెండు వారాంతాల్లో శుక్రవారం సాయంత్రం ఒకటి, శనివారం మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున మొత్తం ఆరు ప్రదర్శనలు. పోయిన వారం అందరం కూర్చుని స్క్రిప్టు చదివాము. ప్రతి రెండు పేజీలకు ఒకచోట ‘ఇక్కడ ప్రేక్షకులు జవాబిస్తారు’ అని రాసి ఉంది. చదువుతున్నప్పుడు అక్కడికి రాగానే గదిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం తరువాతి డైలాగు గాలిలో వేలాడినట్టు ఉండేది. లేని ప్రేక్షకులతో రిహార్సల్ చేయడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

దీనికి తోడు, సమాజంలో ఇద్దరు అనుభవజ్ఞులు నాటకం రెండున్నర గంటలు మరీ ఎక్కువని, చివర్లో ప్రేక్షకుల చేత పాట పాడించే ఘట్టాన్ని తీసివేయమని, ముందు తెర దగ్గర జరిగే చిన్న సన్నివేశాలను కూడా కుదించమని అంటున్నారు. నేను చిన్నప్పుడు పరిషత్తు నాటకాలు, ఊళ్లో తోలుబొమ్మలాట చూసి పెరిగాను కానీ పాంటో చూస్తూ పెరగలేదు. అందువల్ల ఇందులో ఏది కదిలిస్తే ఇల్లు కూలుతుందో, ఏది కేవలం అలవాటుగా మిగిలిపోయిందో తేల్చుకోలేకపోతున్నాను. పిల్లల విషయంలో చట్టం ఏమంటుంది? ఇద్దరు మనుషులు దూరే ఆవు వేషాన్ని ఎలా సాధన చేయించాలి? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పండి.

జవాబు
రాసినవారు: ముందు తెర మనిషి

నమస్కారమండీ. నేను పదహారేళ్లుగా ఒక ఔత్సాహిక సమాజంలో స్టేజి మేనేజరుగా పనిచేస్తున్నాను, నాలుగు పాంటోలకు దర్శకత్వం కూడా వహించాను. మీరు చివర అడిగిన దాని నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఇద్దరు పెద్దలు తీసివేయమంటున్న రెండు భాగాల మీదే నాటకం నిలబడి ఉంది.

ముందు తెర దగ్గరి సన్నివేశాలు కథ కోసం పుట్టినవి కావు, సెట్టు మార్చడం కోసం పుట్టినవి. ఊరి కూడలి దృశ్యం అయిపోగానే తెర పడుతుంది. తెర ముందు మూడు అడుగుల జాగాలో విలన్, అతని ఇద్దరు అనుచరులు ఏదో కుట్ర గురించి మాట్లాడుకుంటారు. ఆ నాలుగు నిమిషాల్లో వెనుక మేము కూడలిని తీసేసి జాక్ తల్లి వంటగదిని నిలబెడతాము. మీరు ఆ సన్నివేశాన్ని రెండు నిమిషాలకు కుదిస్తే జనం మిగతా రెండు నిమిషాలు మూసిన తెరను చూస్తూ, వెనుక బల్లలు ఈడ్చే చప్పుడు వింటూ కూర్చోవాలి. చివరి పాట సంగతి కూడా అంతే. ఆ సమయంలో మీ ఇరవై తొమ్మిది మందిలో హాస్యగాడు, డేమ్ (మగవాడు కట్టే జాక్ తల్లి వేషం) తప్ప మిగిలిన వారంతా వెనుక పెళ్లి దుస్తులు వేసుకుంటూ ఉంటారు, ఆఖరి నమస్కారానికి మెట్లు, తోరణాలు అమరుతూ ఉంటాయి. కనుక కత్తెర పట్టే ముందు స్టేజి మేనేజరును పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి ముందు తెర సన్నివేశం వెనుక ఏ పని జరుగుతుందో, దానికి ఎన్ని నిమిషాలు పడుతుందో స్క్రిప్టు అంచున రాసుకోండి. నిడివి తగ్గించాలంటే పెద్ద దృశ్యాల్లో ఒకే హాస్యాన్ని మూడుసార్లు చెప్పిన చోట్లు దొరుకుతాయి, వాటిని తీయండి. మొత్తం రెండుంపావు గంటలకు, విరామంతో సహా, తేగలిగితే చిన్నపిల్లలకు సరిపోతుంది.

ఇక లేని ప్రేక్షకుల సంగతి. మీరు హరికథ విని ఉంటే ఇది మీకు కొత్తది కాదు. దాసుగారు ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అనగానే పందిరంతా ‘హరి’ అంటుంది. ఆ ‘హరి’ని ఎవరూ జనానికి విడిగా నేర్పరు, కానీ మొదటిసారి ఆయన చేయి ఎత్తి ఆగుతారు చూడండి, ఆ ఆగడంలోనే నేర్పడం ఉంది. పాంటోలో ఆ పని హాస్యగాడిది. అతను రంగం మీదికి వచ్చిన మొదటి అయిదు నిమిషాల్లోనే ‘నేను వచ్చినప్పుడల్లా ఈ మాట అంటాను, మీరు ఆ మాట అనాలి’ అని పిల్లలతో ఒప్పందం చేసుకోవాలి. మొదటిసారి జనం మెల్లగా అంటారు. అతను బయటికి వెళ్లి మళ్లీ వస్తాడు. రెండోసారి గట్టిగా అంటారు. ఈ బయటికి వెళ్లి రావడం స్క్రిప్టులో ఒక్క వాక్యంలా కనిపిస్తుంది, కానీ నాటకం మొత్తానికి పునాది అదే. ఆ ఒప్పందం సరిగా కుదరని రాత్రి రెండో అంకంలో ఎంత గింజుకున్నా హాలు పలకదు.

రిహార్సల్‌లో నేను చేసేది ఇది. నాలుగో వారం నుంచి, వేషం లేని వారిని ముగ్గురిని కుర్చీల్లో కూర్చోబెట్టి అరిపిస్తాను. ఒక రోజు గొంతు చించుకుని అరవమంటాను, మరో రోజు ఒక్క మాట కూడా అనవద్దంటాను, ఇంకో రోజు తప్పు చోట అరవమంటాను. నటులకు మూడింటికీ జవాబు సిద్ధంగా ఉండాలి. ముఖ్యంగా విలన్ పాత్రధారికి ఆగడం నేర్పండి. కొత్తవాళ్లు బూ వినగానే కంగారుపడి డైలాగును దాని మీదే చెప్పేస్తారు, అప్పుడు బూ చచ్చిపోతుంది, డైలాగూ వినబడదు. అతను నోరు మూసుకుని, తల మెల్లగా ఒక పక్కకు తిప్పి, ముందు వరుసలో బాగా అరుస్తున్న పిల్లవాడి వైపు కళ్లు పెట్టి చూడాలి. హాలు ఇంకా పెరుగుతుంది. అది తగ్గడం మొదలైన క్షణంలో, పూర్తిగా తగ్గకముందే, మాట అందుకోవాలి. ‘అవును–కాదు’ వాదన మూడు విడతలు చాలు. నాలుగోసారి కూడా అడిగితే పిల్లలకు సరదా పోతుంది. చివరి డ్రెస్ రిహార్సల్‌కు మాత్రం ఊరి స్కౌట్ పిల్లలనో, పాఠశాల పిల్లలనో తప్పక పిలవండి.

కదిలించకూడని మరో సంగతి ప్రవేశాల దిక్కు. మంచి దేవత రంగస్థలం కుడి వైపు నుంచి, విలన్ ఎడమ వైపు నుంచి వస్తారు. ఇక్కడ కుడి ఎడమలు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడివి. మధ్యయుగపు మత నాటకాల్లో స్వర్గం ఒక పక్కన, నరకం మరో పక్కన ఉండేవని, ఆ ఆచారమే ఇలా మిగిలిందని చెబుతారు. ఆచారం సంగతి అలా ఉంచినా దీనికి ఒక ఉపయోగం ఉంది. మూడో ప్రవేశానికల్లా అయిదేళ్ల పిల్లలు కూడా ఆ ఎడమ మూల వైపు చూస్తూ ముందుగానే బూకు సిద్ధమవుతారు.

మూకాభినయం అన్నారు కదా, ఆ మాటలో కొంత చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో లండన్‌లో జాన్ రిచ్ అనే ఆయన ‘లన్’ అనే పేరుతో హార్లెక్విన్ అనే గడుసు హాస్య పాత్ర వేషాన్ని మాటలు లేకుండానే కట్టి జనాన్ని ఉర్రూతలూగించాడు. హార్లెక్విన్ చేతిలో రెండు చెక్క పలకలు కలిపిన కర్ర ఉండేది, మెల్లగా తగిలినా ఫట్టుమని మోగేది. దెబ్బల హాస్యానికి ఇంగ్లీషులో వాడే ‘స్లాప్‌స్టిక్’ అనే పేరు ఆ కర్రదే. తరువాత జోసెఫ్ గ్రిమాల్డీ (1778–1837) క్లౌన్ పాత్రను అందరికంటే పైకి తెచ్చాడు. మాటలతో నాటకం ఆడే హక్కు కొద్ది థియేటర్లకే ఉన్న పద్ధతి 1843 చట్టంతో పోయాక, పాంటోలో శ్లేషలు, ప్రాసలు, ఊరి కబుర్లు వరదలా వచ్చి చేరాయి. పేరు మాత్రం పాతదే మిగిలింది. మీ నటులకు మొదటి రోజే ఈ సంగతి చెప్పండి, దెబ్బలు తినే హాస్యానికి కూడా మాటకు ఉన్నంత సాధన అవసరమని వారికి అర్థమవుతుంది.

జవాబు
రాసినవారు: పక్క గదిలో అమ్మ

నమస్కారం. మా అమ్మాయి మూడేళ్లుగా పాంటోలో పిల్లల బృందంలో ఉంటోంది. రెండేళ్ల క్రితం నేను కౌన్సిల్ ఆమోదం పొందిన చాపరోన్‌ని అయ్యాను, అంటే ప్రదర్శన రోజుల్లో తెర వెనుక పిల్లల బాధ్యత చూసే మనిషిని. పిల్లల చట్టం గురించి నేను చెబుతాను. ఇది ఇంగ్లండుకు సంబంధించినది. వేల్స్, స్కాట్లాండులలో నిబంధనలు వేరుగా ఉంటాయి.

1963 నాటి బాలల చట్టంలోని 37వ సెక్షన్, 2014లో వచ్చిన నియమాలు ఈ విషయాన్ని చూస్తాయి. టికెట్టు పెట్టి ఆడే నాటకంలో బడి వయసు పిల్లలు పాల్గొంటే మామూలుగా ఒక్కొక్కరికీ వారు నివసించే ప్రాంతపు కౌన్సిల్ నుంచి లైసెన్సు ఉండాలి. దీనికి రెండు ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి. ఆరు నెలల కాలంలో నాలుగు రోజులకు మించి ప్రదర్శనల్లో పాల్గొనని పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. మీ ఆరు ప్రదర్శనలు నాలుగు రోజుల్లోనే జరుగుతున్నాయి కనుక సరిపోయిందని అనుకోవద్దు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మీ పద్నాలుగు మందిలో కనీసం సగం మంది ఏదో ఒక డాన్సు తరగతికి వెళుతుంటారు, శరదృతువులో అక్కడ టికెట్టు పెట్టి ఒక ప్రదర్శన చేసి ఉంటారు. ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుంది, అయిదో రోజు అవుతుంది. అందువల్ల ఎంపికల రోజునే తల్లిదండ్రులకు ఒక కాగితం ఇచ్చి, గత ఆరు నెలల్లో పిల్లలు ఏ ఏ తేదీల్లో వేదిక ఎక్కారో రాయించుకోండి.

రెండో మినహాయింపు మీలాంటి సమాజాలకు ఎక్కువ మేలు చేస్తుంది. పిల్లలకు ఖర్చులు తప్ప డబ్బు ఇవ్వని సంస్థ, కౌన్సిల్‌కు దరఖాస్తు చేసి, మొత్తం సంస్థ పేరు మీదే ఒక ఆమోదం పొందవచ్చు. అప్పుడు ఒక్కొక్క పిల్లవాడికి విడిగా లైసెన్సు అవసరం ఉండదు. దీన్ని ఇవ్వాలా వద్దా అన్నది కౌన్సిల్ ఇష్టం, పిల్లల రక్షణ విధానం రాతపూర్వకంగా చూపమంటారు. దరఖాస్తును చివరి వారానికి వాయిదా వేయకండి. లైసెన్సు విషయంలో ఇరవై ఒక్క రోజుల ముందు పంపకపోతే తిరస్కరించే అధికారం వారికి ఉంది, అక్టోబరులోనే పంపడం మంచిది.

ఒక చాపరోన్ పన్నెండు మంది కంటే ఎక్కువ పిల్లలను చూడకూడదు. మీ పద్నాలుగు మందికి ఇద్దరు కావాలి, ముగ్గురుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. చాపరోన్‌గా ఉన్నవారికి మరో పని ఏదీ పెట్టకూడదు. మా దగ్గర ఒక ఏడాది చాపరోన్‌ను విరామంలో టీ పోయడానికి పిలిచారు. ఆ పది నిమిషాల్లో ఒక చిన్నవాడు ఆఖరి దృశ్యం ఎప్పుడో తెలుసుకుందామని చీకట్లో రంగస్థలం పక్కకు నడిచి వెళ్లి, ఎత్తులో ఉన్న ఒక చెక్క వేదిక అంచున నిలబడ్డాడు. ఏమీ కాలేదు, కానీ ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆ తరువాత నుంచి పిల్లలు గది నుంచి రంగం దాకా వెళ్లే దారిలో నేల మీద మెరిసే టేపు అతికిస్తున్నాము, నా చేతిలో ఉన్న పేర్ల కాగితం మీద టిక్కు పడకుండా ఎవరూ గది దాటరు.

పిల్లలను రెండు జట్లు చేసి ఒక్కో ప్రదర్శనకు ఒక్కో జట్టును దించే పద్ధతి కూడా ఉంది. శనివారం రెండు ఆటలూ ఆడితే ఏడేళ్ల పిల్లలు సాయంత్రానికి సొమ్మసిల్లిపోతారు, అందుకే నాకు ఈ పద్ధతి ఇష్టం.

ఒక విన్నపం కూడా. ఆరు ప్రదర్శనల్లో ఒకదాన్ని, శనివారం మధ్యాహ్నపు ఆటల్లో ఒకదాన్ని, పెద్ద శబ్దాలు, చీకటి భరించలేని పిల్లల కోసం సడలించి ఆడండి. హాలులో దీపాలు పూర్తిగా ఆర్పరు, ఉరుము చప్పుడు తగ్గిస్తారు, మధ్యలో లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. మొదట్లో విలన్ వేషం తీసి నిలబడి, ‘నేనే చెడ్డవాడిని, కానీ ఇది నా టోపీ మాత్రమే’ అని చూపిస్తాడు. మా అక్క కొడుకు ఆటిజం ఉన్న పిల్లవాడు. ఆరేళ్లు వచ్చేవరకు ఏ హాలులోనూ పది నిమిషాలు కూర్చోలేదు. అటువంటి ఆటలో మొదటిసారి చివరి వరకు ఉన్నాడు. రాక్షసుడి అడుగుల చప్పుడుకు మాత్రం చెవులు మూసుకున్నాడు, తరువాత తనే తీశాడు.

జవాబు
రాసినవారు: ఆవు వెనుక కాళ్లు

అయ్యా, ఆవు గురించి అడిగారు కనుక నేను చెప్పాలి. రెండు సీజన్లు ఆవు వెనుక భాగంగా, ఆ తరువాత ఏడు సీజన్లు డేమ్‌గా వేషం కట్టాను.

ముందుగా మనుషుల ఎంపిక. ముందు కాళ్లకు నృత్యం తెలిసిన వారిని, వెనుక కాళ్లకు ఓర్పు, గట్టి నడుము ఉన్న వారిని తీసుకోండి. ఇద్దరి ఎత్తు దగ్గరగా ఉండాలి. వెనుక మనిషికి ఏమీ కనబడదు. వంగి, ముందు మనిషి నడుముకు కట్టిన బెల్టును రెండు చేతులతో పట్టుకుని నడుస్తాడు. ముందు మనిషి ఆవు నోటి గుండా చూస్తాడు, కనురెప్పలకు కట్టిన సన్నని దారాన్ని లోపలి నుంచి లాగుతాడు. కదిలే ముందు లోపల మెల్లగా ‘ఒకటి, రెండు’ అని లెక్క పెట్టుకుంటారు. ముందు మనిషి కుడి కాలు వేస్తే వెనుక మనిషి ఎడమ కాలు వేయాలి. ఇద్దరూ ఒకే కాలు వేశారా, అది ఆవులా ఉండదు, ఇద్దరు మనుషులు గోనెసంచీలో దూరినట్టుంటుంది. మొదటి రెండు వారాలు తోలు లేకుండా, బెల్టు మాత్రమే కట్టుకుని, సంగీతంతో నడవమనండి. తోలు వచ్చాక రంగం మీద ఒకేసారి ఎనిమిది నిమిషాలకు మించి ఉంచకండి. లోపల వేడి భరించరానిది. బయటికి రాగానే తల తీసి నీళ్లు అందించడానికి ఒక మనిషిని నియమించండి. దిగే మెట్టు ఎక్కడుందో వెనుక కాళ్లకు చూపించకుండా ఆవును ఎన్నడూ నడిపించకండి.

కానీ ఇదంతా పనితనం. అసలు సంగతి వేరే ఉంది. జాక్ కథలో ఆవును అమ్మే సన్నివేశం ఒక్కటే పిల్లల కళ్లలో నీళ్లు తెప్పించేది. మనకు గంగిగోవు కథలో ఆవు దూడకు బుద్ధులు చెప్పి పులి దగ్గరకు తిరిగి వెళ్లే ఘట్టం ఎటువంటిదో, ఈ నాటకానికి ఇది అటువంటిది. అప్పటిదాకా ఆవు నవ్వించి ఉంటుంది. ఇక్కడ ఆవు చేత ఏ చిలిపి పనీ చేయించకండి. తాడు జాక్ చేతి నుంచి కొనేవాడి చేతికి మారుతుంది, ఆవు రెండడుగులు వేసి ఆగి, తల తిప్పి, ఒక్కసారి కనురెప్పలు వాలుస్తుంది. అంతే చాలు. నేను లోపల చీకట్లో ఉండి హాలు ఎలా నిశ్శబ్దమయ్యేదో విన్నాను. ఆ నిశ్శబ్దం వచ్చిన రాత్రుల్లో, చివర ఆవు తిరిగి వచ్చినప్పుడు వచ్చే కేరింతలు కూడా అంతే పెద్దవిగా ఉండేవి.

డేమ్ గురించి ఒక మాట. జాక్ తల్లి వేషం మగవారే కడతారని మీకు తెలుసు. హాస్యనటుడు డాన్ లీనో 1888 నుంచి లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో ఈ తరహా పాత్రలకు ప్రాణం పోశాడు. మన రంగస్థలంలో స్థానం నరసింహారావు గారి స్త్రీ పాత్రల గురించి విన్నవారికి మొదట్లో ఇక్కడ ఒక తికమక వస్తుంది, నాకూ వచ్చింది. ఆయన కళ అంతా చూసేవారు లోపల ఉన్న మగవాడిని మరచిపోయేలా చేయడంలో ఉంది. డేమ్ కళ దానికి ఎదురుగా ఉంటుంది: గౌను కింద ఉన్నది మగవాడేనని హాలుకు ఒక్క క్షణం కూడా మరుపు రాకూడదు. గొంతు మార్చవలసిన పని లేదు, నడుము తిప్పవలసిన పని అసలే లేదు. ఆడవారిని వెక్కిరించడం మొదలుపెట్టిన డేమ్ దగ్గర హాస్యం విషమవుతుంది. ఆమె అద్దె కట్టలేని ఒక వితంతువు, కొడుకు మీద ప్రాణం పెట్టుకున్న తల్లి, ఊళ్లో ఎవరినీ లెక్కచేయని మనిషి. పేదరికాన్ని నిజంగా నమ్మి నటించండి, ఆ మీద ఎంత పెద్ద టోపీ పెట్టినా నిలుస్తుంది.

డేమ్ ముందు వరుసలో ఒక మగవాడిని ఎంచుకుని నాటకమంతా అతన్ని తన ప్రియుడిగా పిలుస్తుంది. ఎవరినో ఒకరిని అప్పటికప్పుడు పట్టుకోవద్దు. నేను ఆట మొదలయ్యే ముందే హాలు తలుపు దగ్గర టికెట్లు చూసేవారిని అడిగి, కుటుంబంతో నవ్వుతూ వచ్చిన మనిషిని గుర్తుపెట్టుకునేవాడిని, వీలైతే అతని భార్యను ముందే అడిగేవాడిని.

వంటగది దృశ్యంలో నురుగు చల్లుకోవడం ఉంటే, గడ్డం గీసుకునే సబ్బును తురిమి, వేడినీళ్లలో కలిపి, గట్టిపడేవరకు గిలకొట్టి, రంగు కలపండి. ఉతికితే బట్టల నుంచి పోతుంది. నేల మాత్రం మంచులా జారుతుంది కనుక ముందే పెద్ద గుడ్డ పరచి, దృశ్యం కాగానే నాలుగు మూలలూ ఎత్తి చుట్టేసి తీసుకుపోవాలి. ఆ దృశ్యాన్ని విరామానికి ముందు పెట్టుకోగలిగితే నేల తుడవడానికి సమయం దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు తిరిగి రాసినది
రాసినవారు: కొత్త దర్శకుడు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక నిన్న స్టేజి మేనేజరుతో కూర్చుని ప్రతి ముందు తెర సన్నివేశం పక్కన వెనుక జరిగే పనిని రాశాను. చిక్కుడు తీగ పెరిగే దృశ్యానికి ముందు మాకు అయిదు నిమిషాలు కావాలి. తాడును పైన ఉన్న కప్పీ మీదుగా లాగితే తీగ లేస్తుంది, కానీ దాన్ని నేల మీద చుట్టి పెట్టడానికి ఇద్దరు మనుషులు అవసరమవుతారు. ఆ పెద్దలిద్దరికీ ఆ కాగితం చూపిస్తే చివరి పాట తీసేయాలనే మాట వారే వెనక్కి తీసుకున్నారు. కౌన్సిల్‌కు కూడా ఉత్తరం రాశాను, డాన్సు ప్రదర్శనల తేదీలు అడిగితే అయిదుగురు పిల్లలు ఇప్పటికే లెక్కలో ఉన్నట్టు తేలింది.

ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. జాక్ వేషాన్ని అమ్మాయి చేత వేయించాలని సంప్రదాయం అంటుంది, మా దగ్గర బాగా పాడే పద్దెనిమిదేళ్ల అబ్బాయి ఉన్నాడు. రెండోది, చివరి పాటలో ఒక చరణం తెలుగులో పెట్టమని సమాజం వారే అడుగుతున్నారు. నన్ను గౌరవించడానికి అడుగుతున్నారని తెలుసు, కానీ పిల్లలు పలకగలరా అని భయం. మూడోది, నాటకం చివరి రెండు ప్రాస పాదాలను మొదటి ప్రదర్శనకు ముందు పైకి చదవకూడదని అందరూ పట్టుపడుతున్నారు. దాన్ని పాటించాలా?

జవాబు
రాసినవారు: ముందు తెర మనిషి

స్త్రీలు జాక్ వంటి కుర్రాడి వేషాలు కట్టడం 19వ శతాబ్దంలో బలపడిన సంప్రదాయం. ఇప్పుడు రెండు పద్ధతులూ సమానంగా చెల్లుతున్నాయి. తొడ మీద చరిచి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడగల అమ్మాయి మీ దగ్గర ఉంటే ఆమెకే ఇవ్వండి, ఎందుకంటే డేమ్‌కు ఎదురుగా ఆ జోడీ అందం వేరు. అటువంటి అమ్మాయి లేకపోతే సంప్రదాయం కోసం పాట రాని వారిని నిలబెట్టవద్దు.

తెలుగు చరణం తప్పక పెట్టండి. ఊరి సంగతులు, ఆ ఏటి కబుర్లు నాటకంలో కలపడం పాంటోకు పుట్టుకతో వచ్చిన గుణం, మీరు ఇప్పుడు ఆ ఊరి మనిషి. అయితే చరణమంతా వద్దు. హాస్యగాడు అడిగితే హాలు తిరిగి చెప్పే పల్లవి ఒకటి, నాలుగైదు అక్షరాలది, ఒత్తులు లేనిది రాయండి. పెద్ద గుడ్డ మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పైనుంచి దించండి, హాలును రెండు భాగాలు చేసి ఎవరు గట్టిగా అంటారో పోటీ పెట్టండి. మీ పిల్లల బృందంలో ఎవరైనా తెలుగు అమ్మాయి ఉంటే ఆమె ముందు చెబుతుంది, మిగతావారు అందుకుంటారు. రాగం ఎవరిదైనా అయితే మాటలు మార్చడానికి హక్కుదారుల అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి, స్క్రిప్టు ప్రచురణకర్తకు కూడా ఒక మాట రాయండి. పాతకాలపు జానపద బాణీ అయితే ఆ చిక్కు ఉండదు.

చివరి పాదాల సంగతి. నేను నమ్మకాల మనిషిని కాను, అయినా దీన్ని పదహారేళ్లుగా తప్పకుండా పాటిస్తున్నాను. ప్రేక్షకులు లేనిదే నాటకం పూర్తి కాదని ఆ ఆచారం అంటుంది, మీరు మొదట అడిగిన ప్రశ్నకు అది చాలా దగ్గరగా ఉంది. రిహార్సల్‌లో ఆ చోటికి రాగానే నటులు ‘లా లా లా’ అని లయ మాత్రం అంటారు, లైటు, సంగీతం, తెర అన్నీ ఆ లయకే సాధన అవుతాయి. పాదాలు రాసిన కాగితాన్ని వారికి ఇచ్చి ఇంట్లో మనసులోనే కంఠస్థం చేసుకోమనండి. తెర వేసే మనిషికి మాత్రం ఆఖరి మాట ఏమిటో రాసి ఇవ్వడం మరచిపోకండి. మా దగ్గర ఒకసారి అతనికి ఎవరూ చెప్పలేదు, రెండో పాదం సగంలో ఉండగానే తెర పడిపోయింది.